ఆస్ట్రేలియాలోని డబ్బో ఊళ్లో ఎండీకి అప్లై చేసే ముందు

ఆస్ట్రేలియాలో డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు ఎండీ చదివి డాక్టర్ కావచ్చు. అక్కడ ఎండీ అంటే మన పీజీ కాదు, వైద్యంలో మొదటి డిగ్రీ. ఇంట్లోవాళ్లకు ముందే ఈ మాట చెప్పండి.

• ఎండీ ప్రవేశ పరీక్ష గామ్‌శాట్ మార్చిలో, సెప్టెంబరులో జరుగుతుంది. స్కోరు 4 ఏళ్లు చెల్లుతుంది. సైన్సు వచ్చు కదా అని రెండో సెక్షన్‌ను తేలిగ్గా తీసుకోకండి. అందులో రెండు వ్యాసాలు రాయాలి. వారం వారం గడియారం ముందు పెట్టుకుని రాసి, ఎవరితోనైనా దిద్దించుకోండి.

• గ్రామీణ కోటాకు ఆ దేశపు పల్లె ప్రాంతాల్లో వరుసగా 5 ఏళ్లు, లేదా మొత్తం 10 ఏళ్లు ఉండాలి. తెనాలి పక్క ఊళ్లో పెరగడం లెక్కలోకి రాదు.

• బాండెడ్ సీటు తీసుకుంటే చదువయ్యాక 18 ఏళ్లలోపు 3 ఏళ్లు నిర్ణీత ప్రాంతాల్లో పనిచేయాలి. జీవిత భాగస్వామికి అక్కడ ఉద్యోగం దొరుకుతుందా? సంతకం పెట్టకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

• సిడ్నీ యూనివర్సిటీ ఎండీని నాలుగేళ్లూ డబ్బోలోనే చదివే వీలుంది. సిడ్నీకి దాదాపు 400 కిలోమీటర్లు. దరఖాస్తుకు ముందు ఒక్కసారైనా వెళ్లి రండి, అదీ అక్కడ చలికాలమైన జులైలో. డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి అనుకోండి. పొద్దుగూకే వేళ కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి, ఆ టైంలో ప్రయాణం పెట్టుకోకండి.