వ్యాపార ఇంగ్లిషులో కాలం – 4వ పాఠం: కల్లా, వరకు, లోపు, తర్వాత, నుంచి

గత పాఠంలో తేదీలు రాసే పద్ధతిని చూశాం. 03/04 అని రాస్తే మనం ఏప్రిల్ 3 అనుకుంటాం, అమెరికాలో మార్చి 4 అనుకుంటారు కాబట్టి నెల పేరును అక్షరాల్లోనే రాయాలని చెప్పుకున్నాం. తేదీ సరిగ్గా ఉన్నా దాని ముందు వచ్చే చిన్న మాట తప్పితే ఉత్తరం అర్థమే తలకిందులవుతుంది. ఈ పాఠం ఆ చిన్న మాటల గురించి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెలవు మీద ఊరికి వెళ్లబోతూ, శుక్రవారం వరకు ఆఫీసులో ఉంటానని ఒక ఖాతాదారుకు చెప్పదలచి, 'ఐ విల్ బీ అవైలబుల్ బై ఫ్రైడే' అని రాశాను. శుక్రవారానికల్లా నేను అందుబాటులోకి వస్తానని ఆయన అర్థం చేసుకున్నారు. అందుకే అప్పటిదాకా ఓపిక పట్టి, ఆ సాయంత్రం తన సందేహాలన్నీ ఒకేసారి పంపారు. నేను అప్పటికే రైల్లో ఉన్నాను. సోమవారం ఉదయం ఆయన టెండరు వేయాలి. ఆ రెండు రోజులు ఆయన పడిన ఆందోళనకు కారణం నేను తప్పుగా వాడిన ఒక్క మాట. 'అంటిల్ ఫ్రైడే' అని రాసి ఉంటే ఆయన గురువారమే ఫోన్ చేసేవారు.

ఈ తేడా తెలుగులో మనకు పుట్టుకతోనే తెలుసు. పంపడం, చెల్లించడం, చేరడం వంటి ఒక్కసారి జరిగి ముగిసే పనికి గడువు చెప్పేటప్పుడు 'కల్లా' అంటాం. ఇంగ్లిషులో అది 'బై'. ఉండడం, తెరిచి ఉంచడం, చెల్లుబాటు కావడం వంటి సాగుతూ ఉండే స్థితికి 'వరకు' అంటాం, అది 'అంటిల్'. ఏది వాడాలో సందేహం వచ్చినప్పుడు ముందు తెలుగు వాక్యాన్ని పైకి చదవండి. 'ఈ ధర జూన్ 30కల్లా చెల్లుతుంది' అనగానే చెవికే తప్పు తెలుస్తుంది. కాబట్టి 'ది కొటేషన్ ఈజ్ వాలిడ్ అంటిల్ 30 జూన్' అనాలి. ఆ 30వ తేదీ కూడా లెక్కలోకి వస్తుందని అనుమానానికి తావు లేకుండా చెప్పాలంటే 'అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్ 30 జూన్' అని రాయడం ఒప్పందాల్లో మంచి అలవాటు.

'లోపు' దగ్గర మాత్రం తెలుగు మనల్ని కొంత తడబెడుతుంది. శుక్రవారం లోపు అన్నా, మూడు రోజుల లోపు అన్నా మనకు మాట ఒక్కటే. ఇంగ్లిషులో 'విదిన్' వ్యవధికే చెల్లుతుంది: 'విదిన్ త్రీ డేస్' సరైనది, 'విదిన్ ఫ్రైడే' తప్పు. రోజును చెప్పాలంటే 'బై ఫ్రైడే' చాలు; అధికారిక లేఖల్లో 'ఆన్ ఆర్ బిఫోర్' లేదా 'నో లేటర్ దాన్' వాడతారు. ఒట్టి 'బిఫోర్ ఫ్రైడే' అంటే గురువారంతోనే గడువు ముగుస్తుంది. 'విదిన్ సెవెన్ డేస్ ఫ్రమ్ ది డేట్ ఆఫ్ రిసీట్' అన్నచోట అందిన రోజును లెక్కించాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. కేంద్ర చట్టాల విషయంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 9వ సెక్షన్ ప్రకారం 'ఫ్రమ్' అన్న మాట మొదటి రోజును మినహాయిస్తుంది. మీ ఉత్తరంలో వ్యవధితో పాటు ఆఖరు తేదీని కూడా రాసేస్తే ఆ వాదనకే అవకాశం ఉండదు.

'రెండు రోజుల తర్వాత పంపుతాను' అన్న వాక్యాన్ని మనవాళ్లు 'ఆఫ్టర్ టూ డేస్' అని రాస్తారు. చదివేవారికి ఆ రెండు రోజులు గడిచాక ఎప్పుడో పంపుతారన్నట్టు వినిపిస్తుంది. ఇప్పటి నుంచి లెక్కపెట్టి చెప్పేటప్పుడు 'ఇన్ టూ డేస్' అనాలి. అలాగే మన 'నుంచి' రెండు మాటలుగా చీలుతుంది: మూడేళ్ల నుంచి అంటే 'ఫర్ త్రీ ఇయర్స్', 2021 నుంచి అంటే 'సిన్స్ 2021'. రెండింటిలోనూ క్రియ 'హావ్ బీన్ వర్కింగ్' లేదా 'హావ్ వర్క్‌డ్' రూపంలో ఉండాలి. 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్' అన్న వాక్యం ఉద్యోగ దరఖాస్తుల్లో ఎంత ఎక్కువగా కనిపిస్తుందో, చదివేవారి చూపు అక్కడే అంత గట్టిగా ఆగిపోతుంది.

విదేశీ ఖాతాదారులతో వ్యవహరించేవారికి ఇంకొక్క మాట. 'క్లోజ్ ఆఫ్ బిజినెస్ ఫ్రైడే', అంటే శుక్రవారం ఆఫీసు వేళలు ముగిసేసరికి, అని రాస్తే అది ఎవరి శుక్రవారం? న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం 5 గంటలంటే హైదరాబాదులో వేసవిలో శనివారం తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30. అందువల్ల గంటను, ఏ ఊరి సమయమో దానిని కలిపి రాయండి. అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడం అనే అర్థంలో 'ప్రిపోన్' అన్న మాట మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కానీ, బయటివారికి రాసేటప్పుడు 'బ్రింగ్ ఫార్వర్డ్' వాడి, వెంటనే కొత్త తేదీని కూడా ఇవ్వాలి.

అభ్యాసంగా ఈ నాలుగు వాక్యాలను ఇంగ్లిషులో రాయండి: బిల్లు అందిన 15 రోజుల లోపు చెల్లించగలరు. మా కార్యాలయం రాత్రి 8 వరకు తెరిచి ఉంటుంది. సవరించిన నమూనా బుధవారానికల్లా మీకు చేరుతుంది. మేము ఐదేళ్ల నుంచి ఈ సరుకు సరఫరా చేస్తున్నాం. జవాబులు, ప్రతి జవాబుకూ కారణం, 5వ పాఠం మొదట్లో ఇస్తాను.