ఊళ్లో పెద్దలకు అప్పుల లెక్కలు నేర్పే తరగతిని నడపడం ఎలా?

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలి ఏళ్లలో అక్షరదీపం రాత్రి బడికి వెళ్లిన స్త్రీలు, సారా వల్ల ఇళ్లు ఎలా గుల్లవుతున్నాయో పాఠంగా చదివి, ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు కూడా ఆ జిల్లాలో దాని వెన్నంటే వచ్చాయి. అప్పుల తరగతి పెట్టాలనుకునేవారు దీని నుంచి తీసుకోవలసిన పాఠం ఒకటుంది: పెద్దలు తమ ఇంటి సంగతి పలక మీద కనిపించినప్పుడే కూర్చుని నేర్చుకుంటారు. అందువల్ల తరగతిని పొదుపు గొప్పతనంతో కాకుండా, వారు ఇప్పటికే కడుతున్న వడ్డీతో మొదలుపెట్టండి.

కాలం, చోటు, చెప్పే మనిషి

వారానికి ఒక సాయంత్రం చొప్పున ఆరు వారాలు చాలు. పదిహేను ఇరవై మందికి మించితే లెక్కలు చేయించడం కష్టం. కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఊళ్లలో, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు మండుతున్న కాలంలో ఎవరూ రారు, రమ్మనడం న్యాయం కూడా కాదు. వేలం డబ్బు చేతికొచ్చి, తరువాతి పంట పెట్టుబడికి ఇంకా అప్పు వెతకని రోజులే అక్కడ సరైన అదను. కోవూరు వైపు వరి ఊళ్లలోనైతే కోతలు ముగిశాక పెట్టుకోవచ్చు. పొదుపు సంఘం సమావేశం జరిగే చోటునే వాడుకుంటే స్త్రీలు సులువుగా వస్తారు, అయితే భర్తలను కూడా పిలవండి, ఎందుకంటే ఒకరికి తెలియకుండా మరొకరు చేసిన అప్పే చాలా ఇళ్లలో పెద్ద చిక్కు.

వడ్డీకి ఇచ్చేవారి అరుగు మీద తరగతి వద్దు. చెప్పే మనిషి కూడా వడ్డీ వ్యాపారి, చీటీలు నడిపేవారు, బీమా ఏజెంటు కాకూడదు. ఈ ఒక్క నియమాన్ని సడలిస్తే మిగతాదంతా వృథా అవుతుంది.

మొదటి సాయంత్రం ఎవరి అప్పూ అడగవద్దు

అప్పు నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు. మొదటి రోజే "మీకెంత ఉందమ్మా?" అని అడిగితే రెండో వారం సగం మంది కనిపించరు. ఎవరూ తమ అంకెలు బయట పెట్టనక్కర్లేదని ముందే మాట ఇచ్చి, బోర్డు మీద ఒక ఊహా కుటుంబాన్ని రాయండి: మూడెకరాల కౌలు, రెండు గేదెలు, తాకట్టులో నగలు, ఒక ప్రామిసరీ నోటు, వారం వారం కట్టే సంఘం అప్పు. ఆ కుటుంబం ఏం చేయాలో అందరూ ధైర్యంగా చెబుతారు. తమ సంగతే చెబుతున్నామని వారికీ తెలుసు, మీకూ తెలుసు. దాన్ని అలాగే ఉండనివ్వండి.

వడ్డీని విప్పి చూపడం

దీనికి రెండు సాయంత్రాలు కేటాయించండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని, మూడు రూపాయలంటే 36 శాతమని మొదట రాయండి. పక్కనే, 3 లక్షల రూపాయల లోపు పంట రుణానికి బ్యాంకు వడ్డీ 7 శాతమని, గడువులోగా కడితే రాయితీ పోను 4 శాతమే పడుతుందని రాయండి. కౌలు రైతులుంటే వారు సాగు చేస్తున్నట్టు ప్రభుత్వం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం సంగతి ఇక్కడే చెప్పాలి.

తరువాత రోజువారీ ఫైనాన్సు లెక్క. పదివేల అప్పుకు వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పదివేలకు వెయ్యేగా, పది శాతమే" అని అందరూ అంటారు. అప్పుడు ఒక గిన్నెలో తొంభై చింతపిక్కలు పోసి, ఒక్కొక్కటి వంద రూపాయలని చెప్పి, రోజుకొకటి చొప్పున తీయించండి. యాభైవ పిక్క తీసేసరికి గిన్నెలో నలభై మిగులుతాయి, కట్టవలసిన రోజులు మాత్రం ఇంకా యాభై ఉంటాయి. తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర లేవు, సగటున ఉన్నది దాదాపు నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే నెలకు మూడు వందలు, అంటే నూటికి ఆరున్నర రూపాయలకు పైబడిన వడ్డీ. పిక్కలు తీసిన చేతులకు ఈ లెక్క మళ్లీ చెప్పనక్కర్లేదు. చీటీ పాటను కూడా ఇలాగే, తక్కువకు పాడుకున్నవారు ఎంత వదులుకుంటున్నారో లెక్కించి చూపండి.

ఇంటి పద్దు

నాలుగో వారం ప్రతివారికీ ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపండి. ఎవరికి బాకీ, అసలు ఎంత, నూటికి వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు, తాకట్టు ఏమిటి అన్నవి రాసుకోవాలి. రాయలేనివారికి చదువుకుంటున్న పిల్లలు సాయపడతారు. వడ్డీ ఎక్కువున్న అప్పును ముందు తీర్చడం మంచిదే, కానీ వేలానికి వచ్చే నగలు ఉంటే వాటిని ముందు కాపాడుకోవాలి. మైక్రోఫైనాన్సు అప్పు ఇచ్చేటప్పుడు ఇంటి వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించరాదన్నది 2022 నాటి రిజర్వు బ్యాంకు నియమం. దాన్నే ఇంటి కొలతగా వాడుకోమని చెప్పండి. సగం దాటితే కొత్త అప్పు మాట ఎత్తవద్దు.

కాగితాలు

ఖాళీ నోటు మీద సంతకం చేయరాదు. ప్రామిసరీ నోటుకు చట్టపరమైన గడువు మూడేళ్లని, ఆ గడువు ముగియకముందే కొంత కట్టి వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తాయని చాలామందికి తెలియదు. అప్పు తీరిన రోజునే నోటు వెనక్కి తీసుకోవాలి.

బయటివారిని పిలవడం

అయిదో వారానికి, జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు కార్యాలయం ద్వారా ఒక అధికారిని పిలవండి. ఉపన్యాసం వద్దని, ప్రశ్నలకు జవాబులు చాలని ముందే మనవి చేయండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా తమ ఖాతాలో ఉన్నాయో లేవో అందరూ పాసుపుస్తకం తెచ్చి అక్కడే చూపించుకోవాలి.

వేధింపులు వస్తే

మైక్రోఫైనాన్సు వసూలుకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత ఫోన్ చేయడం, రావడం నిషిద్ధం. బ్యాంకులు, ఫైనాన్సు సంస్థల మీద ఫిర్యాదు ఎలా చేయాలో తెలుసుకోవడానికి రిజర్వు బ్యాంకు నంబరు 14448, ఫోన్ యాప్‌ల మోసాలకు 1930. ఈ రెండు అంకెలను ఇంటి పద్దు కాగితం వెనుక రాయించండి. అప్పు భారంతో కుంగిపోయి మాట తగ్గించినవారు ఎవరైనా కనిపిస్తే, తరగతి ముగిశాక ఒంటరిగా వదలకుండా ఇంటిదాకా నడిచి వెళ్లండి.

ఆరో వారం కొత్త పాఠమేదీ వద్దు. పాత పద్దులు తిరిగి చూసుకుని, మూడు నెలల తరువాత మళ్లీ కలిసే తేదీ పెట్టుకోండి. ఆ రోజు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మూడు నెలల్లో ఏ నోటు వెనక్కి వచ్చింది?