వంద మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం: కొలత పళ్లెం దాకా చేరాలంటే

ప్రాథమిక పాఠశాల పిల్లలకు పీఎం పోషణ్ పథకం పెట్టిన లెక్క ఇది: తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. దీంతో బిడ్డకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సరుకులన్నీ ఒకటిన్నర రెట్లు. వంద మంది చిన్నపిల్లలుంటే 10 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, 5 కిలోల కూరగాయలు, అర కిలో నూనె. ఉదయం హాజరు తీశాకే సరుకు తూచి ఇవ్వండి. డబ్బాలతో, గుప్పెళ్లతో కొలవొద్దు, కాటా వాడండి.

పోషకాలు కలిపిన బియ్యం వస్తే, అందులో ఆ పోషకాల గింజలు నూటికి ఒకటి చొప్పున ఉంటాయి. రంగులో కాస్త తేడాగా కనిపిస్తాయి, కొన్ని నీళ్లలో తేలుతాయి. ప్లాస్టిక్ బియ్యమని భయపడి చాలాచోట్ల ఏరి పారేస్తున్నారు. రక్తహీనత ఉన్న బిడ్డకు ఇనుము అదనంగా అందేది ఆ గింజల్లోంచి కాబట్టి వాటిని పోనివ్వకండి. బియ్యం ఒకటి రెండుసార్లు మాత్రమే తేలిగ్గా కడగాలి. గంజి వార్చకూడదు, ఎసరు ఇగిరిపోయేలా వండాలి. గిన్నె కొలతలో బియ్యానికి రెట్టింపు నీళ్లతో మొదలుపెట్టండి. పాత బియ్యమైతే ఇంకాస్త పడుతుంది.

అసలు మోసం జరిగేది పప్పు దగ్గరే. సరుకు సరిగ్గానే ఇస్తారు, పిల్లల సంఖ్య పెరిగిందనో, చారులా ఉంటే అన్నంలో బాగా కలుస్తుందనో నీళ్లు పోసేస్తారు. పళ్లెం నిండుగానే కనిపిస్తుంది, బిడ్డకు దక్కేది మాత్రం పసుపు నీళ్లు. కందిపప్పు అరగంట నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడకనివ్వండి. చింతపండు, టమాటా ఆ తర్వాతే వేయాలి, పులుపు ముందే పడితే పప్పు ఉడకదు. పప్పు, కూరగాయలు, నీళ్లు అన్నీ కలిసి 15 లీటర్లు దాటనివ్వకండి. అప్పుడు 150 మిల్లీలీటర్లు పట్టే గరిటెతో తలకొకటి సరిపోతుంది. గుండిగలో ఆ మట్టం దగ్గర బయటివైపు గీత గీసి ఉంచితే ఎవరు వండినా లెక్క తప్పదు. వడ్డించేటప్పుడు ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి. లేదంటే ముందు వరుసకు పలచటి నీళ్లు, చివరి వరుసకు ముద్ద దక్కుతాయి. నూనె కూడా మిగల్చకండి. చిన్న పొట్టలో ఎక్కువ అన్నం పట్టదు, కాబట్టి కొద్దిపాటి తిండిలోనే ఎక్కువ శక్తి దొరకాలి.

గుడ్డు ఇచ్చే రోజు ముందు నీళ్లలో వేసి చూడండి. మునిగి పడుకుంటే తాజాది, పైకి తేలితే పక్కన పెట్టండి. నీళ్లు మరిగాక 10-12 నిమిషాలు ఉడికించాలి. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఐదు, తెలంగాణలో మూడు గుడ్లు ఇవ్వాలి. ఒక్కో గుడ్డు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలుపుతుంది. పలచటి పప్పు పోగొట్టినది గుడ్డుతో తిరిగొస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి.

పురుగుమందు, కిరోసిన్, ఫినాయిల్ డబ్బాలు వంటగది గడప దాటి లోపలికి రాకూడదు. 2013లో బిహార్‌లోని గండమన్ గ్రామంలో వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్తే, ఎవరి మాటా వినకుండా ఆ వంట ఆపేయండి. వడ్డించడానికి అరగంట ముందు ఒక ఉపాధ్యాయుడు తిని చూడాలి. ఏదైనా తేడా ఉంటే తెలుసుకోవడానికే ఆ అరగంట. వండిన భోజనం మూతపెట్టి, వేడిగా ఉండగానే వడ్డించాలి, పొద్దున వండి మధ్యాహ్నం దాకా ఉంచొద్దు.

చిన్నపిల్లలకు మొదట సగం పెట్టి, తిన్నాక మళ్లీ అడగండి. పడేసేది బాగా తగ్గుతుంది. మారు అడగడానికి మొహమాటపడే పిల్లల దగ్గరికి గరిటె మీరే తీసుకెళ్లండి.

నెలకోసారి బరువు రాయండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్ర తప్పకుండా నమిలించి మింగించండి, పొట్టలో పురుగులుంటే పెట్టిన తిండి ఒంటికి పట్టదు. పూటపూటా తింటున్నా బరువు పెరగని బిడ్డను, పాదాలు వాచిన బిడ్డను ఇంకొన్నాళ్లు చూద్దామని ఆగకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి.