డిగ్రీ అయ్యాక మొదటి ఉద్యోగం: రెజ్యూమ్ నుంచి ఆఫర్ లెటర్ దాకా, మన విజయవాడ గుంటూరు పిల్లల కోసం

రిజల్ట్స్ వచ్చేశాయంటే ఇంట్లో "తర్వాతేంటి" మొదలవుద్ది, ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒకరబ్బాయి ప్యాకేజీ గురించి వినాలి. ఈ టైమ్‌లో చాలామంది బ్యాగ్ సర్దుకుని అమీర్‌పేట వెళ్ళిపోయి ఏదో ఒక కోర్సులో చేరిపోతారు. వెళ్ళొద్దని అనట్లేదు, కానీ అంతకుముందు ఇక్కడే కూర్చుని చేయాల్సిన పనులు కొన్నున్నాయి, అవి చేయకుండా వెళ్తే హాస్టల్ ఫీజు కట్టడం తప్ప ఏమీ తేలదు. నేను విజయవాడలో ఒక ఆఫీసులో ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలకి కూర్చుంటా, కాబట్టి బల్లకి ఇవతల నుంచి కనిపించేది రాస్తున్నా. బీటెక్ వాళ్ళకి చెప్పేవాళ్ళు ఊరంతా ఉన్నారు, అందుకని బీకామ్, బీఎస్సీ, బీఏ వాళ్ళనే ఎక్కువ మనసులో పెట్టుకున్నా.

ముందు పేపర్లు. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిచ్చే మెమో), ఇంటర్ మెమో, టెన్త్ మెమో అన్నీ స్కాన్ చేయించి దేనికది పీడీఎఫ్‌గా పెట్టుకోండి, దుప్పటి మీద పెట్టి ఫోన్‌తో తీసిన ఫొటోలు పంపకండి ప్లీజ్. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ కోసం ఆగక్కర్లేదు, ప్రైవేటులో మామూలుగా పీసీ చూసే జాయిన్ చేసుకుంటారు. వీటన్నిటికంటే ముఖ్యంగా చూసుకోవాల్సింది పేరు. మనవాళ్ళకి టెన్త్ మెమోలో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో అదే ఇంటిపేరు వెనక్కెళ్ళి కూర్చుంటుంది, ఇంక లక్ష్మిలో హెచ్ ఎక్కడ పెట్టారనేది ఆ రోజు టైప్ చేసినాయన దయ. చేరేటప్పుడు పీఎఫ్ దగ్గర, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర సరిగ్గా ఇదే తగులుకుంటుంది. ఇప్పుడే ఖాళీగా ఉన్నారు కదా, టెన్త్ మెమోలో ఎలా ఉందో అలా మిగతావి మార్పించేసుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి సెంటర్‌లో స్క్రీన్ మీద స్పెల్లింగ్ మీ కళ్ళతో చూశాకే సరే అనండి.

ఇంక రెజ్యూమ్. జెరాక్స్ షాపులో పాత ఫార్మాట్ ఒకటి ఉంటుంది, పేరు మార్చి ప్రింట్ ఇస్తాడు, అందుకే మా దగ్గరికొచ్చే వాటిల్లో సగానికి సగం ఒకేలా ఉంటాయి, పైన కెరీర్ ఆబ్జెక్టివ్, మధ్యలో హార్డ్‌వర్కింగ్, క్విక్ లెర్నర్, కింద డిక్లరేషన్, తండ్రి పేరు, మ్యారిటల్ స్టేటస్. అవన్నీ తీసేయండి. ఒక్క పేజీ చాలు. మొన్నామధ్య గుంటూరు నుంచి బీకామ్ అమ్మాయి ఒకరొచ్చింది, అకౌంట్స్ పోస్ట్‌కి. రెజ్యూమ్‌లో ఎక్స్‌పీరియన్స్ అన్నచోట "నిల్" అని ఉంది. సెలవుల్లో ఏం చేసేదానివమ్మా అంటే "మా బాబాయి గారి కొట్లో కూర్చునేదాన్ని సార్, మిర్చి యార్డులో" అంది. కూర్చుని ఏం చేసేదానివి అంటే అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి: ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, తూకం ఎంతొచ్చింది, ఏ రేటు పడింది, కమీషన్, హమాలీ పోను రైతు చేతికి ఎంత వెళ్ళాలి, ఇదంతా చూసి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం బిల్లు రాసి సాయంత్రం టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేదంట, రెండు సీజన్లు. కొన్న వ్యాపారి డబ్బులు లేటుగా ఇస్తే ఎవరి దగ్గర ఎంత రావాలో ఆ లిస్టు కూడా తనే పెట్టేది. ఇది నిల్ ఎట్టా అవుద్ది అండీ, మేం ఆ పోస్ట్‌లో చేయించేది అదేగా!

కాబట్టి రెజ్యూమ్‌లో ఆ అమ్మాయి రాయాల్సిన లైను ఇలా ఉండాలి: "గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో రెండు సీజన్లు అమ్మకాల బిల్లులు తయారుచేసి టాలీలో ఎంట్రీ చేశాను, వ్యాపారుల నుంచి రావాల్సిన బాకీల లిస్టు నేనే చూసేదాన్ని." ఇంగ్లీషులో రాస్తారు అనుకోండి, కానీ ముందు తెలుగులో ఇలా చెప్పగలిగితే ఇంగ్లీషు అదే వస్తుంది. మీకు మిర్చి యార్డు లేకపోవచ్చు, మెడికల్ షాపులో స్టాక్ చూసి ఉండొచ్చు, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్లో బిల్లింగ్ చేసుండొచ్చు, వీధిలో పిల్లలకి ట్యూషన్ చెప్పుండొచ్చు. ఏం పని, దేంట్లో చేశారు, ఎన్నాళ్ళు, మీ చేతిలో ఏముండేది, ఈ నాలుగూ ఉంటే చాలు. చేయని పని మాత్రం రాయకండి, ఎక్సెల్ వచ్చని రాసి అందులో వీలుకప్ (VLOOKUP) ఫార్ములా అంటే నోరెళ్ళబెడితే ఇంటర్వ్యూ అక్కడే అయిపోయింది.

అప్లై చేయడానికి నౌక్రీ, లింక్డ్‌ఇన్ అందరికీ తెలుసు. నౌక్రీలో ప్రొఫైల్ పెట్టి వదిలేయకండి, అప్పుడప్పుడు ఏదోటి మార్చి సేవ్ చేస్తుండండి, లొకేషన్‌లో విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ మూడూ పెట్టండి. సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది, ఫ్రీ, అందులోనూ రిజిస్టర్ అవ్వండి. నాట్స్ (NATS) అని సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళ అప్రెంటిస్‌షిప్ స్కీమ్, అంటే స్టైపెండ్ ఇస్తూ పని నేర్పేది, ఉంది, 2019లో మార్చిన రూల్స్‌లో గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టారు. తక్కువే, కానీ ఇంటి దగ్గర్నుంచే వెళ్ళొచ్చే చోట దొరికితే ఏడాది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో బయటికొస్తారు. ఐటీ వైపు అయితే గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్, ఐటీ కంపెనీలుండే మేధా టవర్స్ ఉన్నాయి, మంగళగిరిలో చిన్న కంపెనీలున్నాయి, వాళ్ళ వెబ్‌సైట్లలో కెరీర్స్ పేజీ డైరెక్ట్‌గా చూడండి. టీసీఎస్ వాళ్ళు ఫ్రెషర్స్‌కి పెట్టే ఎన్‌క్యూటీ లాంటి పరీక్షల్లో ఏ సంవత్సరం పాసైనవాళ్ళు రాయొచ్చో చూసుకోండి, ఏడాది దాటితే కొన్ని తలుపులు మూసుకుంటాయి.

పోర్టల్స్‌లో అసలు కనపడని ఉద్యోగాలు కూడా మన దగ్గర చాలానే ఉన్నాయి. సీఏ ఆఫీసులు, డిస్ట్రిబ్యూటర్లు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు, హాస్పిటల్ బిల్లింగ్, కోల్డ్ స్టోరేజీలు, వీళ్ళు యాడ్ వేయరు, తెలిసినవాళ్ళని అడిగి పెట్టుకుంటారు. మీ లెక్చరర్ని, సీనియర్లని "ఏదైనా ఉంటే చెప్పండి సార్" అని అడిగితే ఎవరికీ గుర్తుండదు, "టాలీ వచ్చు సార్, అకౌంట్స్‌లో విజయవాడ అయినా గుంటూరు అయినా పర్లేదు" అంటే గుర్తుంటుంది. మెయిల్ పంపినా అంతే, సబ్జెక్ట్ ఖాళీగా పెట్టి రెజ్యూమ్ అటాచ్ చేయడం కాదు, పోస్ట్ పేరు, మీ డిగ్రీ, ఊరు, ఎప్పుడు చేరగలరు, ఒక్క లైనులో పెట్టండి.

జాబ్ మేళాలకి వెళ్ళండి, స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళు కాలేజీల్లో పెడుతుంటారు. కాకపోతే కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా మూడు అడగాలి: ఎవరి పేరోల్ మీద తీసుకుంటారు (అంటే జీతం ఇచ్చేది కంపెనీయా, ఏజెన్సీయా), ఫిక్స్‌డ్ జీతం ఎంత ఇన్సెంటివ్ ఎంత, టార్గెట్ ఉందా. బ్యాంక్ జాబ్ అని బోర్డు ఉంటుంది, తీరా చూస్తే ఏదో ఏజెన్సీ తరఫున క్రెడిట్ కార్డులు అమ్మే పని. ఆ పని తప్పేం కాదు, తెలిసి చేరడం వేరు, ఇంట్లో బ్యాంకులో వచ్చిందని చెప్పేశాక తెలియడం వేరు.

ఇంటర్వ్యూకి వద్దాం. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే పేరు, ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, అమ్మ హౌస్‌వైఫ్, ఇలా బట్టీ కొట్టింది అప్పజెప్తారు. నాకు రెజ్యూమ్‌లో ఉన్నదే మళ్ళీ వద్దు. డిగ్రీ ఏంటో ఒక ముక్క, చేసిన పని రెండు ముక్కలు, ఈ పోస్ట్‌కి ఎందుకు వచ్చారో ఒక ముక్క, నిమిషంలో ఆపేయండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు, అయినా వినండి. ఇంగ్లీషు దగ్గర ఆగిపోతే "సారీ సార్, ఇది తెలుగులో చెప్పొచ్చా" అని అడగండి, మన దగ్గర చాలాచోట్ల ఒప్పుకుంటారు, కాల్ సెంటర్ ఉద్యోగమైతే తప్ప.

సబ్జెక్ట్‌లో బేసిక్సే అడుగుతాం. బీకామ్ వాళ్ళని జీఎస్టీ రేట్లు అడిగితే ఇంకా 5, 12, 18, 28 అంటున్నారు, పుస్తకంలో అలాగే ఉందంట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రధానంగా 5, 18 అయ్యాయి, పెద్ద కార్ల లాంటి వాటికి 40. పేపర్ చదివేవాళ్ళకి తెలుస్తుంది, అందుకే అడుగుతాం కూడా. ప్రాజెక్ట్ కొనుక్కొచ్చినవాళ్ళు కనీసం అందులో ఏముందో ఒకసారి చదవండి నాయనా. తెలియకపోతే తెలియదండి అనేయండి, ఊహించి చెప్తే తర్వాతి ప్రశ్న ఇంకా లోతుకెళ్తుంది.

డబ్బులు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ, పేరేదైనా సరే. బ్యాక్‌డోర్ అని, అంటే డబ్బు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్‌తో ఉద్యోగం పెట్టిస్తామని లక్షల్లో మాట్లాడేవాళ్ళు ఇంకా ఉన్నారు, పొలం తాకట్టు పెట్టి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, దొంగ ఎక్స్‌పీరియన్స్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ ఉద్యోగమూ పోద్ది, ఇచ్చిన డబ్బూ రాదు. ఆన్‌లైన్‌లో ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఆఫర్ వచ్చాక సీటీసీ, అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు చూసి సంబరపడకుండా చేతికెంతో లెక్కేసుకోండి. 3 లక్షలు అన్నారనుకోండి, నెలకి 25,000. బేసిక్ అందులో సగం, 12,500 అయితే, కంపెనీ కట్టే పీఎఫ్ 1,500, గ్రాట్యుటీ ఓ 600, ఇవి కూడా ఆ 25,000లోనే ఉంటాయి. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,500, మన రాష్ట్రంలో ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికి 21,200 దాకా వస్తుంది, వేరియబుల్ పే అని, అంటే పనితీరును బట్టి ఇచ్చేది ఏమైనా కలిపుంటే ఇంకా తక్కువ. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు తీసేసి మిగిలేదీ, ఇంటి దగ్గర ఉంటూ 15,000కి చేస్తే మిగిలేదీ పక్కపక్కన రాసుకుని నిర్ణయించుకోండి, రెండోది తక్కువేం కాదు ఒక్కోసారి.

బాండ్ ఉందేమో చదవండి, ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ ఎంత. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచుతాం అంటే ఒప్పుకోకండి, చూపించి జెరాక్స్ మీద సంతకం పెట్టి ఇవ్వండి. జాయినింగ్ డేట్ మెయిల్‌లో వచ్చేదాకా ఇప్పుడు చేస్తున్న చిన్న ఉద్యోగం మానకండి, ఫోన్‌లో "వచ్చేయండి" అన్నదాన్ని నమ్ముకుని మానేసినవాళ్ళని చూశా.