రోజూ పరిగెత్తినా టైమింగ్ తగ్గట్లేదా?

సమస్య: ఆరు నెలలుగా రోజూ పరుగే. 10 కిలోమీటర్ల టైమ్ మాత్రం 62 నిమిషాల దగ్గర ఇరుక్కుపోయింది.

కారణం: తెల్లవారుజామున హైదరాబాద్ కేబీఆర్ పార్కు బయట కాసేపు నిలబడితే మీకే అర్థమవుతుంది. నలుగురు కలిసి పరిగెడుతుంటారు, నోట మాట రాదు, ఆయాసమే. రోజూ అదే వేగం. అటు తేలికా కాదు, ఇటు గట్టిదీ కాదు. నేనూ ఓ ఏడాది ఇలాగే పాడు చేసుకున్నాను. శరీరం బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాత కోలుకునేటప్పుడు. రోజూ ఓ మోస్తరుగా అలసిపోతుంటే, గట్టిగా పరిగెత్తాల్సిన రోజున కాళ్లలో సత్తువ ఉండదు.

పరిష్కారం: వారంలో ఐదు రోజులు పరిగెడితే నాలుగు రోజులు నెమ్మదిగానే వెళ్లండి. ఎంత నెమ్మదిగా అంటే, ఇరానీ చాయ్ ఎక్కడ బాగుంటుందో పక్కవాడితో వాదించగలిగేంత. మాట మధ్యలో తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. కండరాల్లో సన్నని రక్తనాళాలు, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి ఈ పరుగు బాగా తోడ్పడుతుంది. ఐదో రోజు 15 నిమిషాల వార్మప్ తర్వాత 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు జాగింగ్, ఇలా నాలుగుసార్లు. ఇంకొకటి చేయగలను అనిపిస్తుండగానే ఆపేయండి. నెమ్మది రోజుల్లో చెప్పులేసుకుని వాకింగ్‌కొచ్చిన పెద్దాయన మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. టైమ్ మళ్లీ చూసేది ఎనిమిది వారాల తర్వాతే.

సమస్య: ఏప్రిల్ వచ్చేసరికి అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటోంది.

ఫిట్‌నెస్ పోలేదు, టెన్షన్ వద్దు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటకి నీరు తగ్గుతుంది, ఆ లోటు గుండె తీర్చాలి. వేడికి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటిదాకా వేగం కాదు, పల్స్ చూసుకోండి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో తేమకీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడూ ఇదే లెక్క.

సమస్య: మోకాలి కింద, ముందు ఎముక వెంట నొప్పి.

రేసుకి పేరిచ్చిన ఉత్సాహంలో దూరం ఒక్కసారిగా పెంచేసి ఉంటారు. గుండె, ఊపిరి వారాల్లో అలవాటు పడతాయి, ఎముకకి నెలలు కావాలి. దూరం తగ్గించండి, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి. వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమంటే పరుగు ఆపి ఎముకల డాక్టర్ దగ్గరకెళ్లండి, అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) కావచ్చు.

సమస్య: అన్నీ సరిగ్గానే చేస్తున్నా నీరసం.

ముందు నిద్ర లెక్క చూసుకోండి. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా గ్రౌండ్‌కి వచ్చే రోజు పరుగు మానేయడమే ట్రైనింగ్. నిద్ర బాగానే ఉంటే రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) తక్కువుండొచ్చు, అదీ రాయమని డాక్టర్‌ని అడగండి. ఐరన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.