గల్ఫ్ రూముకి కొత్తగా వచ్చిన ఉద్దానం తమ్ముళ్ళకి: మిగిలిన అన్నం, కూర సంగతి

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి వెల్డింగ్ పనికో, క్రేన్‌కి బరువులు కట్టే రిగ్గర్ పనికో వచ్చేవాళ్ళకి వీసా గురించి, ఓటీ (ఓవర్‌టైమ్) గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. గిన్నెలో మిగిలిన అన్నం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నా మొదటి వేసవిలో, రాత్రి పొయ్యి మీదే వదిలేసిన అన్నాన్ని మర్నాడు మధ్యాహ్నం పొగలు వచ్చేలా వేడిచేసుకుని తిన్నాం. సాయంత్రానికి రూములో నలుగురం వాంతులతో పడిపోయాం. ఆ అన్నం వాసన వెయ్యలేదు, జిగురు రాలేదు.

తర్వాత తెలిసింది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని బీజాలు (స్పోర్లు, అంటే గట్టి పొరలో నిద్రపోతున్నట్టు ఉండే రూపం) అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉండిపోతే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి వండినది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. గది 32 డిగ్రీలు దాటితే 1 గంటే గడువు. డ్యూటీకి వెళ్తూ ఏసీ కట్టేస్తాం కదా, అప్పుడు గది ఎలా ఉడికిపోతుందో మీరే చూస్తారు.

మరి ఇంట్లో చద్దన్నం తినలేదా అని అడుగుతారు. అమ్మ గంజి పోసి పులియబెట్టింది, తెల్లారగానే తినేశాం. పొడి అన్నాన్ని మూతపెట్టి మధ్యాహ్నం దాకా వదిలేస్తే అది చద్దన్నం కాదు. అంతగా తినాలనిపిస్తే చల్లారిన అన్నంలో పెరుగు కలిపి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పొద్దున్న ఉల్లిపాయతో బాగుంటుంది.

పదిమందికి వండిన పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి తోయకండి, నడిమధ్య చాలాసేపు వేడిగానే ఉంటుంది. వెడల్పు పళ్ళాల్లో పరిచి, చల్లారాక డబ్బాల్లో సర్దండి. ఫ్రిజ్ కిక్కిరిస్తే చల్లదనం అందదు. పచ్చి కోడి, చేప కింద అరలో, వండినవి పై అరలో. డబ్బా మీద టేపు వేసి తేదీ రాయండి. అన్నం 1 రోజు, కూర 3 రోజులు, అంతే. తినేంత మాత్రమే తీసి, ఒక్కసారే, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడిచేయండి. మనకి అన్నిట్లో కొబ్బరి పడాలి, నిజమే. కానీ కొబ్బరి వేసిన కూర, పచ్చడి తొందరగా పాడవుతాయి. అవి ఏ పూటకి ఆ పూటే.

అన్నిటికంటే కష్టం టిఫిన్ బాక్సు. తెల్లవారుజామున 4కి కట్టింది సైటులో 12కి తింటాం. వేడివేడిగా కుక్కి మూత బిగించకండి. రాత్రే ఫ్రిజ్‌లో చల్లబడ్డ బాక్సు తీసుకెళ్ళండి. గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి దాని పక్కన పెట్టండి. మధ్యాహ్నానికి అదే తాగే నీళ్ళవుతుంది. చపాతీ, వేపుడు అయితే ఇంకా నయం.

కూరగాయలకి పెద్ద టెన్షన్ లేదు. కొయ్యకముందే పారే నీళ్ళలో కడగండి, సబ్బు వద్దు. ఆకుకూరని గిన్నెడు నీళ్ళలో జాడిస్తే ఇసుక అడుక్కి దిగుతుంది, ఆకులు పైనుంచి ఎత్తి తీసుకోవాలి. కోడి కోసిన చాకుతో, అదే చెక్క మీద ఉల్లిపాయ కొయ్యకండి. ఆనపకాయ ముక్క నోట్లో వేసి చూడండి, చేదుంటే కూరంతా పారేయండి, అది నిజంగా ప్రమాదం.

ఇంత చేసినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. ఆ రోజు ఎండలో పనికి వెళ్ళకండి, ఫోర్‌మన్‌కి చెప్పండి. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని కుంగదీసిందో మీకు తెలుసు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీలకి చేటు, డాక్టర్ చెప్పకుండా మింగకండి. మూత్రం బాగా తగ్గినా, రక్తం కనిపించినా, కళ్ళు తిరిగినా క్లినిక్‌కి వెళ్ళిపోండి. రూములో ఒకరు తోడు రావాలి.