ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కోలాటం నేర్పించాలంటే

నేను చీరాల దగ్గర ఒక యూపీ స్కూల్లో లెక్కలు చెబుతాను. డాన్స్ టీచర్ని కాదు కానీ, జనవరి 26కి పిల్లలతో ప్రోగ్రాం చేయించే పని ఏటా నాదే. మొదటి ఏడాది ఫోన్లో వీడియో పెట్టి ఒక సినిమా పాట నేర్పించాను. చురుగ్గా చేసే ఎనిమిది మందిని ముందు నిలబెట్టి, మిగతావాళ్లను వెనక రెండు వరసల్లో సర్దాను. అయిపోయాక ఒక తల్లి వచ్చి, "మా పాప కూడా చేసిందా మేడం? నాకు కనపడలేదు" అని అడిగింది. ఆ రోజు మగ్గం మానుకుని వచ్చిందావిడ. పాప చేసింది, ఒక్క అడుగు కూడా తప్పలేదు. మరుసటి ఏడాది నుంచి కోలాటమే నేర్పిస్తున్నాను. గుండ్రంగా ఆడే ఆటలో వెనక వరస ఉండదు.

ఈ వయసు పిల్లలకు కోలాటం నప్పడానికి ఇంకో కారణం ఉంది. ఏడో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు, మగపిల్లలు చేతులు పట్టుకోమంటే సిగ్గుతో ముడుచుకుపోతారు. కోలాటంలో కోలలే తగులుతాయి, చేతులు తగలవు. ఆ ఇబ్బంది లేకపోయేసరికి ఎవరు ఎవరికి జత అయినా హాయిగా ఆడేస్తారు.

మూడు వారాలు టైం పెట్టుకోండి, రోజూ ఆఖరి పీరియడ్ చాలు. భోజనం అయిన వెంటనే మాత్రం వద్దు. ఆడేది చెప్పులు లేకుండా కాబట్టి ముందు గ్రౌండ్ ఊడిపించండి. పల్లేరు కాయ ఒక్కటి గుచ్చుకుంటే ఆ పూట ప్రాక్టీస్ అక్కడితో ఆఖరు.

మొదటి వారం కోలలు ఇవ్వకండి, పాట కూడా పెట్టకండి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు నడిచే వేగంలో నోటితో "తక ధిమి" అనిపిస్తూ చప్పట్లు, అడుగులు మాత్రమే నేర్పండి. అడుగు కుదరని పిల్లవాడికి చప్పట్లు ఆపించి నడక ఒక్కటే చేయించండి, అది కుదిరాక చప్పట్లు కలపండి. కుడి ఎడమలు తికమకపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ ఒకరిద్దరికే గుర్తుగా రిబ్బన్ కడితే మిగతావాళ్లు వేలెత్తి చూపిస్తారు. అందుకే నేను అందరి కుడిచేతికీ ఎర్ర రిబ్బన్ ముక్క కట్టిస్తాను.

రెండో వారం పాత పేపర్లు గట్టిగా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి కోలలుగా ఇస్తాను. వేళ్ల మీద పడినా దెబ్బ తగలదు, భయం పోతుంది. అసలు కోలలు ఆ తర్వాతే. మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా పొడుగు, బొటనవేలంత లావు ఉంటే సరిపోతాయి. పేళ్లు లేకుండా శాండ్‌పేపర్ పట్టించండి. దెబ్బ ఛాతీ ఎత్తులోనే పడాలి, ముఖం దాకా కోల లేవకూడదు. ఈ ఒక్క విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను.

కోలాటంలో ఒక్కో ఆట తీరుని కోపు అంటారు, ఎదురుగా ఆడే జతని ఉద్ది అంటారు. పిల్లలకు ఈ మాటలే అలవాటు చేయండి. ఇరవై నాలుగు మంది ఉంటే పన్నెండు మంది లోపలి వలయంలో బయటికి తిరిగి, పన్నెండు మంది బయటి వలయంలో లోపలికి తిరిగి నిలబడాలి. మొదటి కోపుకి ఎనిమిది లెక్కలు: సొంత కోలలు ఒకసారి, ఉద్దితో కుడి కోల, మళ్లీ సొంతం, ఉద్దితో ఎడమ కోల, మళ్లీ సొంతం, ఉద్దితో రెండు కోలలూ, ఆఖరి రెండు లెక్కలకు బయటివాళ్లు రెండడుగులు కుడికి జరిగి పక్క ఉద్దికి ఎదురు రావాలి. పన్నెండు మార్పులకు ఎవరి ఉద్ది వాళ్లకు మళ్లీ ఎదురొస్తారు. రాలేదంటే మధ్యలో ఎవరో ఒక మార్పు తప్పారన్నమాట. మొత్తం 96 లెక్కలు. నిమిషానికి 80 లెక్కల వేగంలో ఆడితే నిమిషం పన్నెండు సెకన్లు పడుతుంది. పాట ఎంత పొడుగు కావాలో దీన్నిబట్టే చూసుకుంటాను.

ఒకసారి, లోపలివాళ్లు కూడా తమ కుడికి జరిగితే ఎలా ఉంటుందని పిల్లలే అడిగారు. ఆడి చూశారు. ఆరో మార్పుకే పాత ఉద్ది ఎదురొచ్చేశాడు! ఏడో తరగతి అమ్మాయి ఒకతె లెక్కల నోట్సు వెనక అట్ట మీద రెండు వలయాలు గీసి, బాణాలు వేసి, "ఇలా అయితే సగం మందినే కలుస్తాం మేడం. పదకొండు జంటలైతే అందర్నీ కలుస్తాం" అని చూపించింది. మర్నాడు ఇద్దర్ని పక్కన కూర్చోబెట్టి పదకొండు జంటలతో ఆడించాం. ఆ పిల్ల చెప్పిందే నిజం.

రెండో కోపు పిల్లలనే కట్టమనండి. ఆరుగురు చొప్పున నాలుగు గుంపులు, గుంపుకి ఎనిమిది లెక్కలు. షరతులు మూడే: ఒక దెబ్బ, ఒక తిరుగుడు, ఒకసారి కిందికి వంగడం. "ఏదైనా చెయ్యండి" అంటే దిక్కులు చూస్తారు, షరతు పెడితే బుర్ర పనిచేస్తుంది. పోయినేడు నేతవాళ్ల పిల్లలున్న గుంపు, మగ్గంలో నూలుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె విసరడం చేసింది. కోలని ఎడమ నుంచి కుడికి సర్రున జరిపి ఆపడం, ఆ వెంటనే కాలితో మగ్గం తొక్కినట్టు ఒక తొక్కు. ఆ తొక్కు లెక్క మీద పడటం లేదని ఆరుగురూ రెండు రోజులు గొడవపడి వాళ్లే సరిచేసుకున్నారు. నేను వేలు పెట్టలేదు. మీరూ పెట్టకండి. నాలుగు గుంపులవీ కలిపితే 32 లెక్కలు, అందరూ అందరివీ నేర్చుకోవాలి.

పిల్లలు బేసి సంఖ్యలో ఉంటే మిగిలినవాళ్లకు తాళాలిచ్చి మధ్యలో నిలబెట్టండి. కోపు మార్చమని కేక వేసే పని వాళ్లదే. దానికి బాగా ఆడేవాళ్లను ఎంచుకోవక్కర్లేదు, వేగం పెంచకుండా వాయించేవాళ్లు కావాలి. జనం ముందు పిల్లలకు టెన్షన్ వచ్చి చెయ్యి పరుగెడుతుంది, వాళ్లను పట్టి ఉంచేది ఆ తాళమే.

ప్రోగ్రాం ముందు రోజు వేసుకోబోయే బట్టలతోనే ఒకసారి ఆడించండి, పరికిణీ కాళ్లకు అడ్డం పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. అసలు రోజున తాళాలు వాయించే పిల్ల నడుముకి రెండు కోలలు ఎక్కువగా దోపి పంపండి. ఆటలో ఎవరి కోల విరిగినా తను అందిస్తుంది.